తిల్ల కట్టెల పొగ

లక్ష్మీదుర్గ ప్రతి ఉదయం చేసే మొదటి పని ఒక ఆకును నాలుకకు తాకించుకోవడం. చదివేవాళ్ళు నవ్వుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. హంసలదీవి దాటి సముద్రం వైపు వెళ్తే మడ అడవి మొదలయ్యే చోట ఒక గేటు ఉంటుంది. ఆమె అక్కడ బండి దిగి, చెప్పులు పక్కన విడిచి, తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకుని, గేటు పక్కనున్న తెల్లమడ చెట్టు కొమ్మను మెల్లగా కిందికి వంచుతుంది. ఆకును తుంచదు. చెట్టున ఉండగానే నాలుక కొసతో తాకి వదిలేస్తుంది. ఆ చెట్టు తాగిన ఉప్పునీళ్ళలోని ఉప్పును మనకు చెమట పట్టినట్టు ఆకు మీదకి తోసేస్తుంది. ఉప్పు గట్టిగా తగిలితే ఏటి నీళ్ళు తగ్గాయని, చప్పగా ఉంటే పైన వానలు పడ్డాయని ఆమె లెక్క. గుళ్ళో తీర్థం పుచ్చుకునేవాళ్ళు కూడా కొందరు అంత శ్రద్ధగా పుచ్చుకోరు.

మా ఇల్లు ఆ గేటుకు ఎదురుగానే ఉంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తూ చాలా ఏళ్ళుగా ఆమెను చూస్తున్నాను.

ఆమె నాన్న గంగన్న సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. కూతుర్ని అవనిగడ్డలో చదివించాడు, బందరు కాలేజీలో జంతుశాస్త్రం చదివించాడు. చదువయ్యాక ఆమె ఈ అడవిలోనే ఉద్యోగం వెతుక్కుంది. ఇక్కడికి వచ్చే బడిపిల్లలకు అడవిని చూపించి, అర్థమయ్యేలా చెప్పడం ఆ ఉద్యోగం. కాగితం మీద పెద్ద పేరే ఉంది గానీ పిల్లలకు మాత్రం ఆమె దుర్గ టీచర్. ఆమె పాఠంలో పలక ఉండదు, బల్ల ఉండదు. పిల్లల్ని బురదలో మడమల దాకా నిలబెడుతుంది. నేలలోంచి పెన్సిళ్ళలాగా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళను చూపించి, "చెట్టు ముక్కులురా ఇవి, తొక్కితే ఊపిరాడక చస్తుంది" అని చెప్తుంది. బావురుపిల్లి అడుగుల గుర్తు కనబడితే దాని చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి, రాత్రి అది ఏ చేపను పట్టి ఎటు వెళ్ళిందో వాళ్ళచేతే చెప్పిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఒక్కో పిల్లకీ కాళ్ళు కడిగి తన తువ్వాలుతో తుడిచి బస్సెక్కిస్తుంది. ఆ తువ్వాలు రోజూ ఉతికి మా దడి మీద ఆరేస్తుంది.

దుర్గకు కోపం ఎక్కువ అని ఊళ్ళో అంటారు. ఎక్కువే. అడవిలోకి వచ్చి ఫోనులో పాటలు పెట్టేవాళ్ళని, చిప్సు కవర్లు కాలవలో వదిలేసేవాళ్ళని ఆమె తిట్టే తిట్లకు నాకే చెవులు మూసుకోవాలనిపించేది. ఒకసారి ఒకావిడ బురద వాసనకు ముక్కు మూసుకుని "ఛీ" అంటే, "ముక్కు మూసుకున్న చెయ్యి తియ్యకుండా అట్నుంచి అటే బస్సెక్కండి" అంది. ఇంత కోపం ఆడపిల్లకు పనికిరాదమ్మా అని నేనూ చెప్పాను. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగాక మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

అడవిలో నడవడానికి వేసిన చెక్కబాట కాలవ గట్టు దగ్గర ముగుస్తుంది. ఆ గట్టంతా తిల్ల చెట్లు. తిల్ల ఆకు తుంచినా, కొమ్మ విరిచినా తెల్లటి పాలు కారతాయి. అవి ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆ కట్టెను పొయ్యిలో పెడితే పొగ కూడా కళ్ళను కాలుస్తుంది. అయినా ఆ చెట్టు తనంతట తాను ఎవరి జోలికీ రాదు. గట్టును వేళ్ళతో గట్టిగా పట్టుకుని నిలబడుతుంది. సముద్రం పోటు వచ్చినప్పుడల్లా ఆ గట్టు కోసుకుపోకుండా ఉన్నదంటే తిల్ల చెట్ల వల్లే. గట్టుకు ఇవతల మా చేలు ఉన్నాయి. గట్టు తెగి ఒకసారి ఉప్పునీళ్ళు పారితే ఆ చేలో మళ్ళీ వరి పండటానికి ఎన్నేళ్ళు పడుతుందో మా వాళ్ళకు బాగా తెలుసు.

పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళే ముందు దుర్గ అందరిచేతా చేతులు జోడింపజేస్తుంది.

"ఈయన కోపిష్టి తాతగారు. నమస్కారం పెట్టి నిలబడితే ఏమీ అనరు. చెయ్యి వేశారో, ఇక మీ ఇష్టం."

జోడించిన చేతులు కొమ్మల మీదకి వెళ్ళవు. అదీ కిటుకు. బంటుమిల్లి నుంచి వచ్చిన ఒక పిల్ల, "తాతగారికి మీకంటే కోపమా టీచర్?" అని అడిగింది. "నా దగ్గరే నేర్చుకున్నారు," అంది దుర్గ. అప్పుడు ఆమె నవ్వడం చూడాలి.

కార్తీకమాసంలో ఉసిరి చెట్టు కింద స్వామిని తలుచుకుని పదిమందీ కలిసి భోంచేయడం మన పెద్దలు పెట్టిన మంచి ఆచారం. నేను మానింది లేదు, మానేదీ లేదు. దాని మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ ఆచారం పేరు చెప్పి చేసినదాని మీదే నా కోపం.

గుడివాడలో రొయ్యల మేత వ్యాపారం చేసే శోభనాద్రి గారు ఒక ఏడు తమ కాలనీ వాళ్ళందరికీ వనభోజనాలు మా మడ అడవిలో పెట్టించారు. మనిషి మర్యాదస్తుడు. మాట మెత్తన. అడవి చూడటానికి, గేటు బయట భోజనాలు పెట్టుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. మడ అడవిలో ఉసిరి చెట్టు ఉండదు కాబట్టి ఒక ఉసిరి కొమ్మను బకెట్లో మట్టిపోసి గుచ్చి తెచ్చారు. కొమ్మకు పసుపు, కుంకుమ, దారం అన్నీ పద్ధతిగానే ఉన్నాయి.

దుర్గ ముందే చెప్పింది. "పొయ్యి గేటు బయట ఇసకలోనే అండీ. లోపల నిప్పు వద్దు. చెట్ల మీద చెయ్యి వద్దు."

"అయ్యో, మాకు తెలియదా అమ్మాయ్? చెట్టును దేవుడనుకునేవాళ్ళం మేము," అన్నారు ఆయన.

ఆ మాట నేను విన్నాను. బాగా అన్నారనుకున్నాను కూడా.

వాళ్ళ పిల్లల్ని తీసుకుని దుర్గ చెక్కబాట మీదకి వెళ్ళింది. కాసేపటికి చిన్న జల్లు పడింది. గాలి మొదలైంది. వాళ్ళు తెచ్చుకున్న కట్టెలు తడిశాయి. వ్యానులో గ్యాసుపొయ్యి ఉంది. కానీ కట్టెలపొయ్యి మీద వండితేనే వనభోజనమట. గాలికి పొయ్యి నిలవడం లేదని సామానంతా మోసుకుని ఇంకోదారిన లోపలికి, తిల్ల చెట్ల చాటుకి మార్చారు. పొయ్యి అక్కడ అంటించారు.

నాకు ముందు పొగ కనబడింది. ఆ వెనకే ఆడమనిషి అరుపు వినబడింది.

అరిచింది పాపాయమ్మ. బంటుమిల్లి నుంచి వంటకి వచ్చిన మనిషి. గుమ్మడికాయ దప్పళం గిన్నె ముందు కూర్చుని పొయ్యి ఊదుతూ ఉండగా పొగ నేరుగా ఆమె కళ్ళలోకి కొట్టింది. నేను వెళ్ళేసరికి రెండు చేతులతో మొహం కప్పుకుని నేల మీద దొర్లుతోంది. చుట్టూ నిలబడిన వాళ్ళలో ఒకరు విసనకర్ర, ఒకరు ఉల్లిపాయ, ఒకరు నెయ్యి అంటున్నారు. దుర్గ బాట మీంచి బురదలోకి దూకి పరుగెత్తుకొచ్చింది. మంచినీళ్ళ డబ్బా ఎత్తి ఆమె తలను తన ఒళ్ళో పెట్టుకుని, రెప్పలు వేళ్ళతో విడదీసి నీళ్ళు పోస్తూనే ఉంది. పోస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.

"ఎవరు విరిచారు? ఎవరు విరిచారు ఈ కొమ్మల్ని? పచ్చికొమ్మలు! పాలు ఇంకా కారుతున్నాయి, కళ్ళు కనబడవా మీకు?"

ఇద్దరు మగవాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

గేటు దగ్గర కిరాయి కోసం నిలబడిన ఆటో రాంబాబు, ఎవరూ అడక్కముందే సీటు మీద తన దుప్పటి పరిచి పాపాయమ్మను పడుకోబెట్టాడు. అవనిగడ్డ ఆసుపత్రి దాకా దుర్గ ఆమె కళ్ళ మీద నీళ్ళు పోస్తూ వెళ్ళింది. అప్పుడే నీళ్ళు పోయడం వల్ల చూపు దక్కిందని డాక్టరు అన్నారట. పిల్లలకు ఏమీ కాలేదు, స్వామి దయ. ఆ కాలనీ వాళ్ళు మా ఇంటి ముందే గ్యాసుపొయ్యి మీద అన్నం వండుకుని, ఉసిరి కొమ్మ ముందు దీపం పెట్టి, భోంచేసి వెళ్ళారు. మాకు కూడా పులిహోర పంపించారు. నేను తినలేదు.

దుర్గ కోపం అక్కడితో ఆగిపోయేదే. కానీ మూడోనాటికి ఫోన్లలో ఒక కబురు తిరగడం మొదలైంది. పిల్లలు నడిచే దారిలో విషపు చెట్లు పెంచుతున్నారని, దగ్గరికి వెళ్ళిన వంటమనిషి కళ్ళు పోయేంత పనైందని, తల్లిదండ్రులు ఊరుకుంటారా అని. శోభనాద్రి గారు పై ఆఫీసుకు కాగితం కూడా పెట్టారు. మొన్నటి తుపాను గాలికి కొమ్మలు విరిగి దారి పొడుగునా పడి ఉన్నాయని, వంటమనిషి తెలియక ఆ పుల్లలు ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టిందని, రేపు ఏ పసివాడో అలాగే ఏరుకుంటే ఎవరు బాధ్యులని అందులో రాశారు.

రేంజర్ చంద్రశేఖర్ గారు దుర్గను పిలిచి చెప్పారు. నెమ్మదైన మనిషి ఆయన. పిల్లల చెప్పులు బురదలో ఉండిపోతే తానే దిగి తీసిచ్చిన రోజులు ఉన్నాయి.

"దుర్గ గారూ, గురువారం విచారణకు వస్తాను. రాలిన పుల్లల వల్లే జరిగిందని తేలితే బాటకు దగ్గరున్న తిల్ల చెట్లన్నీ కొట్టించమని చెప్పారు. వాళ్ళే విరిచి కాల్చారని తేలితే వాళ్ళ మీద కేసు, చెట్లకు ఏమీ కాదు."

"విరిచిన మొదళ్ళు కనబడుతున్నాయి గదండీ! ఫోటోలు తీశాను."

"తుపానుకు విరిగాయంటున్నారు. విరుస్తుంటే మీరు చూశారా?"

"నేను పిల్లలతో ఉన్నాను."

"అదే. చూసినవాళ్ళు ఎవరైనా చెప్పాలి."

విరిచినవాళ్ళు చెప్పరు. చూసినవాళ్ళంతా వాళ్ళ కాలనీ వాళ్ళే. ఇక మిగిలింది పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఒక్కతే.

దుర్గ బంటుమిల్లి వెళ్ళింది. అక్కడ జరిగింది ఆమె నాకు తిరిగొచ్చి చెప్పింది, ఏదీ దాచుకోకుండా.

పాపాయమ్మ అరుగు మీద ఆకుపచ్చ గుడ్డ కళ్ళకు కట్టుకుని కూర్చుని ఉందట. పక్కింటావిడ ఆమెకు అన్నం కలిపి ముద్దలు పెడుతోంది.

"కూర్చో అమ్మాయ్. మనిషి ఆనటం లేదు గానీ గొంతు తెలుస్తోంది. ఆ రోజు నన్ను తిడుతూ నీళ్ళు పోసింది నువ్వే గదూ?"

"తిట్టింది నిన్ను కాదు పిన్నీ. వాళ్ళని."

"ఎవర్నయితేనేం, చెవులు నావి." పాపాయమ్మ నవ్వింది. "అయినా నీ పేరు చెప్పుకుని దీపం పెట్టించాను. చూపు నిలబెట్టావు."

దుర్గ అసలు సంగతి చెప్పింది. గురువారం రేంజర్ గారు వస్తారు, కొమ్మలు ఎవరు విరిచిచ్చారో చెప్పు, చెట్లు బతుకుతాయి అంది.

పాపాయమ్మ నోట్లో ముద్ద మింగి, ఇక చాలని చేత్తో సైగ చేసింది.

"నా కళ్ళు కాల్చిన చెట్టు బతకాలని నేను చెప్పాలా? నాకేమన్నా పిచ్చా తల్లీ? నన్నడిగితే వేళ్ళతో సహా పీకించమంటాను."

"అది నీ మీదకి వచ్చిందా? దాని చేతులు విరిచి నిప్పులో పెట్టారు. నిన్నట్లా పెడితే నువ్వు ఊరుకుంటావా?"

"నాకు చెట్ల నీతులు చెప్పకు. పొయ్యిలో పెట్టింది నేనే. ఇచ్చిందెవరని మాత్రం నన్నడక్కు. శోభనాద్రి గారి వల్లే నాకు కార్తీకమాసమంతా వంటలు. ఆసుపత్రి నుంచి తన కార్లో దింపించారు. రోజూ ఫోను చేసి ఎలా ఉందమ్మా అని కనుక్కుంటున్నారు. సొంత అన్నదమ్ములు చెయ్యరు అలా."

"ఆయనే కాగితం పెట్టారు, పుల్లలు నువ్వే ఏరుకొచ్చావని."

"అబద్ధం!" పాపాయమ్మ అరుగు మీంచి లేచి నిలబడింది. "ఆయన అట్లా అనరు. నీ చెట్ల కోసం నువ్వు కల్పిస్తున్నావ్."

"అయితే ఆ గుడ్డ విప్పాక నువ్వే చూసుకో."

అనేసి దుర్గ వచ్చేసింది. నీళ్ళు కారే కళ్ళున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. మా అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"ఎవర్ని తిట్టాలో వాళ్ళని తిట్టలేక ఆవిడ్ని తిట్టొచ్చాను పెద్దమ్మా. చెట్లూ పోయాయి, నా మాటా పోయింది," అంది.

దుర్గ మీద జాలి కలగాల్సిన చోట నాకు గుడివాడ ఆయన మీద ఒళ్ళు మండింది. రోజూ విష్ణుసహస్రనామం చదువుకునే నోరు నాది. ఆ సాయంత్రం సగం చదివి ఆపేశాను. కాలవ గట్టును పట్టుకుని నిలబడి మా చేలు కాపాడుతున్న చెట్టు దుష్టురాలు. దాన్ని విరిచి తగలబెట్టినవాడు భక్తుడు. ఈ లెక్క ఎలా కుదిరిందా అని రాత్రంతా మనసు కుతకుతలాడింది.

బుధవారం దుర్గకు అవనిగడ్డ బడిపిల్లలు వచ్చే రోజు. ఏమీ జరగనట్టే వాళ్ళను తిప్పింది. తిల్ల చెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కువసేపు నిలబెట్టిందట. ఆకులు ఎర్రబడి రాలే కాలంలో మళ్ళీ వచ్చి చూడండని ఎప్పుడూ చెప్పే మాట ఆ రోజు చెప్పలేదట. పిల్లలతో వచ్చిన మార్తమ్మ టీచరు అది గమనించి, వెళ్ళేటప్పుడు దుర్గ చెయ్యి పట్టుకుని "మా బడి తరఫున కాగితం రాసివ్వమంటారా?" అని అడిగింది. అలాంటి మనుషులు కూడా ఉన్నారు. చూసినవాళ్ళు కారు కాబట్టి వాళ్ళ కాగితం విచారణలో చెల్లదు, అంతే.

గురువారం వచ్చింది. రేంజర్ గారు, దుర్గ, ఇద్దరు వాచర్లు గేటు దగ్గర ఉన్నారు. శోభనాద్రి గారి కారు వచ్చి ఆగింది. ఆయన దిగి అటువైపు తలుపు తీసి, చెయ్యందించి పాపాయమ్మను దింపారు. ఆమెకు నల్ల కళ్ళజోడు పెట్టి ఉంది. తలుపు తగలకుండా ఆమె తల మీద తన చెయ్యి అడ్డం పెట్టారు. అంత జాగ్రత్తగా తీసుకొచ్చారు. ఆమె ఆ చెట్ల మీద సాక్ష్యం గదా మరి.

దుర్గ మొహం చూశాను. ఇక అయిపోయిందన్నట్టు ఉంది.

అందరూ గట్టు దగ్గరికి నడిచారు. నేనూ వెనక వెళ్ళాను. ఎవరూ వద్దనలేదు.

"చూడండి రేంజర్ గారూ, ఈవిడ కళ్ళు చూడండి. అద్దాలు తియ్యి పాపాయమ్మా," అన్నారు శోభనాద్రి గారు. ఆమె తీసింది. ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "ఇంతకంటే ఏం కావాలి మీకు? మనుషులు తిరిగేచోట ఇలాంటి చెట్లు ఉండొచ్చా?"

"ఈ చెట్లు ఇక్కడ పుట్టినప్పుడు మీరు ఇక్కడ తిరగడం లేదండీ," అంది దుర్గ.

"చూశారా, మాట తీరు? ఈ అమ్మాయి ఇలాగే పిల్లల మీద కూడా అరుస్తుందట."

రేంజర్ గారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. "శోభనాద్రి గారూ, ఒక్క సంగతి చెప్పండి. పుల్లలు పొయ్యి దగ్గరికి ఎలా వచ్చాయి?"

"చెప్పాను గదండీ కాగితంలో. ఇదిగో, ఈవిడే వెళ్ళి ఏరుకొచ్చింది. కింద రాలిన పుల్లలు. పాపం, అమాయకురాలు, తెలియక చేసింది. దాని మీద మేమేమీ అనుకోలేదు. క్షమించేశాం."

పాపాయమ్మ కళ్ళజోడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఎండకు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"నేనా అండీ?"

"అదేలే పాపాయమ్మా, ఇప్పుడు నిన్నెవరూ ఏమనరు."

"కాదండీ, నేను ఏరుకొచ్చానా అంటున్నాను." ఆమె గొంతు చిన్నగానే ఉంది. "గుమ్మడికాయ ముక్కలు తరిగింది నేను. దప్పళం ఎక్కించింది నేను. పొయ్యి దగ్గర్నుంచి నేనెక్కడ లేచానండీ? కట్టెలు తడిశాయి, మండటం లేదు, గ్యాసు మీద పెడదామండీ అన్నాను. మీరేమన్నారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"మీరేమన్నారండీ?" ఆమె రేంజర్ గారి వైపు తిరిగింది. "వీళ్ళ వాళ్ళు కొమ్మ విరిస్తే పాలు కారాయి బాబూ. అందరూ జంకారు. అప్పుడు ఈయన, మేడి చెట్టుకి పాలొస్తాయి, రావికి పాలొస్తాయి, మర్రికి పాలొస్తాయి, పాలుగారే చెట్లన్నీ సమిధలకు పనికొచ్చేవే, కార్తీకంలో ఇలాంటి కట్టె దొరకడం మన పుణ్యం అన్నారు. పసుపూ కుంకుమా పెట్టించి, దణ్ణం పెట్టించి, తన చేత్తో నాకందించారు. నేనూ దణ్ణం పెట్టే పొయ్యిలో పెట్టాను. మండకపోతే ఊదాను. దేవుడి కట్టె గదా అని దగ్గరికెళ్ళి మరీ ఊదాను!"

కాలవలో పోటు తగ్గి వెనక్కి తీస్తున్న నీళ్ళ చప్పుడు వినబడుతోంది.

అంతా అర్థమైంది నాకు. మేడి సమిధ హోమానికి శ్రేష్ఠమని మా ఇంట్లోనూ అంటారు. ఆయన విన్న మాట నిజమే. చూసిన చెట్టు వేరు. దాని పేరేమిటని అక్కడే బాట మీద ఉన్న మనిషిని కేక వేసి అడిగి ఉంటే సరిపోయేది. అడగడం ఆయనకు చిన్నతనమైంది. పొరపాటు పడటం తప్పు కాదు, ఎవరైనా పడతారు. ఆ పొరపాటును తెచ్చి పొయ్యి ఊదిన ఆడమనిషి నెత్తిన పెట్టి, తానే ఆమెను క్షమించేసిన తీరును మాత్రం నేను క్షమించలేను.



రేంజర్ గారు పాపాయమ్మ చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చెట్ల జోలికి ఎవరూ రారు దుర్గ గారూ. మిగిలింది రూలు ప్రకారం జరుగుతుంది," అన్నారు. ఆయన కూడా శోభనాద్రి గారి మొహం చూడలేకపోయారు.

శోభనాద్రి గారు మాత్రం తేరుకున్నారు. "సరేలెండి. చెట్లే గదా, ఉంచుకోండి. పోనీ అని వదిలేస్తున్నాను," అన్నారు, తానే దానం చేస్తున్నట్టు. కారు దాకా వెళ్ళి తలుపు తీసి, అక్కడ ఆగి వెనక్కి తిరిగారు. పాపాయమ్మ తడుముకుంటూ వస్తోంది. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"నువ్వు బస్సులో వెళ్ళు పాపాయమ్మా. మాకు వేరే పనుంది. ఆదివారం పోలవరప్పాడు రోడ్డులో మన వనభోజనాలున్నాయి గదా, దానికి వేరేవాళ్ళని చూసుకుంటాంలే. నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో. కార్తీకం అయ్యేదాకా తీసుకో."

పాపాయమ్మ అక్కడే ఆగిపోయింది. "కళ్ళజోడు పెట్టుకుని వండొచ్చని డాక్టరు గారు చెప్పారండీ," అంది. ఆయన విననట్టే కారెక్కారు.

అప్పుడు దుర్గ కదిలింది. బురద కాళ్ళతో, పిడికిళ్ళు బిగించి, కారు వైపు నడిచింది. ఆ నడక చూసి వాచర్లు ఇద్దరూ వెనకే వెళ్ళారు, కొడుతుందేమోనని. నాకూ అలాగే అనిపించింది. కొట్టినా బాగుండునని కూడా అనిపించింది, ఆ దేవుడు నన్ను మన్నించాలి.

ఆమె కారు అద్దం మీద వేలితో తట్టింది. ఆయన కొద్దిగా దించారు. దుర్గ మెడ మీద నరాలు పైకి తేలి ఉన్నాయి. గొంతు మాత్రం ఆమెది కానట్టు మెత్తగా వచ్చింది.

"శోభనాద్రి గారూ, ఒక్క ఉపకారం చేయండి. మీకు కోపం ఉంటే నా మీద పెట్టుకోండి. పై ఆఫీసుకు నా గురించి ఏం రాసుకుంటారో రాసుకోండి, నేను అడ్డు చెప్పను. ఆదివారం వంట మాత్రం ఈవిడ చేతే చేయించండి. మీకు దణ్ణం పెడతాను."